చోటు కుదిరితేనే పాట



మాట మొదలుపెట్టే ముందు ఒక చప్పుడు వినిపిస్తాను. (ఒక్కసారి చేతులు చరిచిన చప్పుడు.) విన్నారుగా? 'టప్' మని పుట్టింది, అక్కడే ఆగింది. వెనక తోక లేదు. నేను కూర్చున్న ఈ స్టూడియో గోడలకు చిల్లుల పలకలున్నాయి, వాటి వెనక మెత్త ఉంది, కాళ్ళ కింద తివాచీ ఉంది, బయటికి పోవాలంటే ఒకదాని వెనక ఒకటి రెండు బరువైన తలుపులు తెరవాలి. ఇప్పుడు మీరు మీ హాలు మధ్యలో నిలబడి అలాగే ఒక్కసారి చేతులు చరచండి. నేను ఆగుతాను. (కాసేపు నిశ్శబ్దం.)

రేకు డబ్బాలో బఠాణీలు పోసినట్టు 'ట్ర్‌ర్‌ర్' మని వినిపించిందా? ఎదురెదురుగా రెండు బోడి గోడలు పది అడుగుల దూరంలో ఉంటే, చప్పుడు వాటి మధ్య ఇరుక్కుని సెకనుకు నూటికి పైగా సార్లు గోడకు కొట్టుకుంటుంది. ఆ తోక అదే. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చేతులు చరిస్తే పైన బాలా హిసార్‌లో వినిపించడం వింత. మన హాల్లో అది జబ్బు. మీరు ఎంత ఖరీదైన స్పీకర్లు తెచ్చి పెట్టినా, పాటలో ప్రతి అక్షరానికీ ఆ తోక అంటుకునే వస్తుంది.

నేను ఇంజనీరుని కాను. బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. ముప్ఫై ఏళ్ళుగా ఇంట్లో స్పీకర్లు అటూ ఇటూ జరుపుతున్న అనుభవం మాత్రం ఉంది. తెలిసినవాళ్ళు ఫోన్ చేసి "ఏ కంపెనీ సెట్టు కొనమంటారు?" అని అడుగుతారు. నేను "మీ హాలు ఎంత? నేల ఏమిటి? సోఫా ఏ గోడకు ఉంది?" అని తిరిగి అడుగుతాను. కొందరు అక్కడే ఫోన్ పెట్టేస్తారు.

గృహప్రవేశం రోజు గుర్తు చేసుకోండి. ఇంట్లో ఇంకా సామాను దిగలేదు. పురోహితుడు మంత్రం మొదలుపెడితే మాట మాట మీద పడి గింగురుమంటుంది. నెల తర్వాత అదే ఇంట్లో మంచాలు, పరుపులు, బట్టల బీరువాలు, తెరలు చేరాక ఆ గింగురు సగానికి సగం తగ్గిపోతుంది. ఈ సంగతిని మొదటిసారి కొలిచి లెక్క కట్టినవాడు వాలెస్ సబీన్ అనే అమెరికన్ ఆచార్యుడు. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఒక ఉపన్యాస మందిరంలో పాఠం ఎవరికీ అర్థం కావడం లేదంటే ఆయనకు పని అప్పజెప్పారు. అక్కడ ఒక మాట అయిదు సెకన్లకు పైగా గాలిలో వేలాడేదట. ఆయన అర్ధరాత్రి దాటాక, ఊరు సద్దుమణిగాక, ఒక ఆర్గన్ గొట్టం, ఒక స్టాప్‌వాచీ పట్టుకుని కూర్చునేవాడు. దగ్గరలోని నాటకశాల నుంచి కుర్చీల మెత్తలు మోయించి తెచ్చి, వాటిని కొన్ని కొన్నిగా పెంచుతూ, మోత ఎంతసేపు ఉంటుందో కొలిచేవాడు. తెల్లారేసరికి మెత్తలన్నీ మళ్ళీ వాటి చోట్లకు చేర్చాలి. ఆ మోతకూలీ పనిలోంచి పుట్టిన సూత్రాన్నే ఇవాళ్టికీ సభామందిరాలకు వాడుతున్నారు.

ఆ లెక్క మన హాలుకు వేద్దాం. పన్నెండడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల పొడవు, పదడుగుల ఎత్తు. సిమెంటు గోడలు, నున్నటి టైల్స్, పైన స్లాబు. ఇవి తమను తాకిన చప్పుడులో నూటికి మూడు వంతులే మింగుతాయనుకుంటే, ఖాళీ హాల్లో మోత మూడు సెకన్లు దాటుతుంది. పాట స్పష్టంగా వినాలంటే అది అర సెకను దగ్గరికి రావాలి. అందుకే నా మొదటి సలహా ఎప్పుడూ ఒక్కటే: కొత్త యాంప్లిఫయర్ కొనే ముందు ఒక మందపాటి తివాచీ కొనండి. వరంగల్ జంపఖానా వేసినా పైస్థాయి చురుకు కొంత తగ్గుతుంది. దాని కింద ఒక పాత బొంత పరిస్తే ఇంకా మేలు. పుస్తకాల అల్మరా ఉంటే అద్దం తలుపులు తీసేసి, పుస్తకాలు ఎగుడుదిగుడుగా పేర్చండి. గోడకు కోడిగుడ్ల అట్టలు, థర్మాకోల్ అంటించుకునేవాళ్ళున్నారు. వాటితో ఒరిగేది చాలా తక్కువ, నిప్పుకు మాత్రం మంచి మేత.

ఇక్కడో చిక్కుంది. తెరలు, తివాచీలు ట్రెబుల్‌ను మింగుతాయి గానీ బేస్‌ను ఏమీ చేయలేవు. పదివేల హెర్ట్జ్ తరంగం పొడవు మూడున్నర సెంటీమీటర్లు, దాన్ని గుడ్డ ఆపుతుంది. యాభై హెర్ట్జ్ తరంగం పొడవు ఏడు మీటర్లు. దానికి మీ తెర గోదారికి అడ్డం కట్టిన తువ్వాలు లాంటిది.

ఈ బేస్ సంగతి మన ఇళ్ళలో ప్రత్యేకం. ఇంగ్లీషు పుస్తకాలు, పత్రికలు చదివి మనవాళ్ళు మోసపోయేదీ ఇక్కడే. అవి రాసేవాళ్ళ ఇళ్ళు చాలావరకు చెక్క నేలలు, పలచటి పలకల గోడలు. మనిషి నడిస్తే నేల ఊగుతుంది. గోడలు కొంచెం అదిరి బేస్‌లో కొంత భాగాన్ని తామే తినేస్తాయి, కొంత అవతలి గదికి వదిలేస్తాయి. అందుకని వాళ్ళ సలహాల్లో సగం నేల ఊపు గురించే ఉంటాయి. మన నేల అయిదంగుళాల కాంక్రీటు స్లాబు, గోడలు ఇటుకా సిమెంటూ. అది ఊగదు. పుట్టిన బేస్‌ను బయటికీ పోనివ్వదు, కుండలో తుమ్మెదలా అది లోపలే తిరుగుతుంది.

ఈ జ్ఞానం నాకు ఊరికే రాలేదు. స్పీకర్ల కింద ఇత్తడి మేకులు పెడితే శబ్దం తేటపడుతుందని ఒక పత్రికలో చదివి, ఒక దుకాణంలో జీతంలో మంచి ముక్కే పెట్టి ఎనిమిది కొన్నాను. మొన తిరిగిన మేకులు, చూడ్డానికి బంగారు లింగాల్లా ఉన్నాయి. బిగించి నిలబెట్టాను. పాటలో తేడా వెతికీ వెతికీ అలిసిపోయాను. వారం తర్వాత ఊడుస్తూ పనిమనిషి స్పీకరును కాస్త పక్కకు లాగింది. కొత్త టైలు మీద జానెడు పొడవున తెల్లటి గీత. మా ఆవిడ ఏమీ అనలేదు, ఆ గీత మీద పూలకుండీ పెట్టింది. ఆ కుండీ ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ మేకులు తివాచీ పరిచిన చెక్క నేలకు పుట్టినవి, తివాచీని పొడుచుకుని కింద గట్టి నేలను అందుకోవడానికి. టైల్స్ మీద నాలుగు రబ్బరు బిళ్ళలు పెట్టి పెట్టె గడగడలాడకుండా చూస్తే చాలు.

సరే, స్పీకర్లు ఎక్కడ పెట్టాలి? చాలామంది షోకేసులో దూరుస్తారు. ఒక పక్క కొండపల్లి బొమ్మ, ఇంకో పక్క పిల్లల కప్పులు, మధ్యలో స్పీకరు. అది స్పీకరును డబ్బాలో పెట్టి మూత వేసినట్టే. బయటికి తీయండి. వెనక గోడకు కనీసం రెండడుగుల దూరం, పక్క గోడకు అంతకంటే కొంచెం ఎక్కువో తక్కువో. రెండు దూరాలూ సమానం కాకూడదు. గోడకు దగ్గరైన కొద్దీ బేస్ పెరుగుతుంది, మూలలోకి నెడితే ఇంకా పెరుగుతుంది. పెరగడం మంచిదే కదా అంటారేమో. ఉప్పు కూడా మంచిదే.

రెండు స్పీకర్లకూ మధ్య ఎంత దూరమో, ఒక్కోదానికీ మీ కుర్చీకీ మధ్య కూడా సుమారు అంతే దూరం ఉండాలి. కొలతకు పురికొస చాలు. ట్వీటరు, అంటే ఆ చిన్న గుండ్రటి బిళ్ళ, మీరు కూర్చున్నప్పుడు చెవి ఎత్తుకు రావాలి. కూర్చున్న మనిషి చెవి నేలకు మూడు, మూడుంబావు అడుగుల ఎత్తున ఉంటుంది. తర్వాత పక్క గోడల పని. మీరు కుర్చీలో కూర్చోండి, ఇంట్లో ఒకర్ని అద్దం పట్టుకుని పక్క గోడ వెంట నడవమనండి. ఏ చోట అద్దంలో మీకు స్పీకరు కనిపిస్తుందో, అక్కడి నుంచే శబ్దం గోడకు తగిలి మీ చెవిలో పడుతోంది. ఆ చోట ఒక పుస్తకాల బీరువానో, మందమైన తెరో ఉండాలి. ఖర్చు లేని ఉపాయాల్లో దీన్ని మించింది నాకు తెలీదు.

అంతా కుదిరిందో లేదో చెప్పేవారు ఘంటసాల గారు. ఆయన పాత పాటలు చాలావరకు మోనో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం. అలాంటి పాట పెట్టి కళ్ళు మూసుకోండి. గొంతు ఎడమ నుంచీ రాకూడదు, కుడి నుంచీ రాకూడదు. రెండింటి నడుమ, గోడ మీద కేలండరు ఉన్న చోట, మనిషి నిలబడి పాడుతున్నట్టుండాలి. ఒక పక్కకు లాగుతుంటే ఆ స్పీకరు మీకు దగ్గరగా ఉందని, లేదా ఆ పక్క గోడ బోడిగా ఉందని అర్థం. గొంతు ఎక్కడిదో తెలీకుండా తల చుట్టూ తిరుగుతూ, బేస్ పలచబడిందంటే ఒక స్పీకరుకు ఎర్ర తీగ, నల్ల తీగ తారుమారయ్యాయి. నేను ఒక మిత్రుడి ఇంట్లో ఇది చూశాను. ఆయన మూడేళ్ళు అలాగే విన్నాడు. తీగ మార్చగానే పాట నిలబడింది, ఆయన మాత్రం కూలబడ్డాడు.

ఇప్పుడు కుర్చీ సంగతి. మన ఇళ్ళలో సోఫా గోడకు అతుక్కుని ఉంటుంది. అలా ఉండకపోతే చుట్టాలొచ్చినప్పుడు బాగుండదు. కానీ గోడ దగ్గరే బేస్ కుప్పపడుతుంది. పన్నెండడుగుల దూరంలో ఉన్న రెండు గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర గాలి ఉయ్యాలలా ఊగుతుంది. పదడుగులైతే 56, 57 దగ్గర. గోడల దగ్గర మోత ఎక్కువ, సరిగ్గా నడిమధ్యలో దాదాపు శూన్యం. ఇళయరాజా పాటల్లో బేస్ గిటారు నడక ఎంత ముచ్చటగా ఉంటుందో మీకు తెలుసు. ఆ గిటారు రెండో మందపు తీగ విడిగా మీటితే 55 హెర్ట్జ్. పదడుగుల గదిలో ఆ ఒక్క స్వరం 'దమ్మ్' మని ఉబ్బి, పక్క స్వరాలు సన్నబడతాయి. మనకు స్లాబు ఎత్తు కూడా సాధారణంగా పదడుగులే. పది బై పది గది అయితే పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిసి ఆ ఒక్క స్వరాన్నే మోస్తాయి. పాటలు వినడానికి అంతకంటే చెడ్డ గది కట్టాలంటే మేస్త్రి ప్రత్యేకంగా కష్టపడాలి.

మందు ఏమిటంటే, సోఫాను గోడ నుంచి రెండు, రెండున్నర అడుగులు ముందుకు లాగడం. గది పొడవులో మూడో వంతు దగ్గరికి వస్తే ఇంకా మంచిది. నడిమధ్యకు మాత్రం రాకండి. మూలల్లో బూరుగుదూది పరుపు చుట్టి నిలబెట్టినా కొంత గుణం కనిపిస్తుంది. సబ్‌వూఫరు ఉన్నవాళ్ళకు ఒక తమాషా పద్ధతుంది. ఆ పెట్టెను మీ కుర్చీలో కూర్చోబెట్టి, బేస్ ఉన్న పాట పెట్టి, మీరు గది చుట్టూ పాకండి. ఏ మూల బేస్ సమంగా వినిపిస్తే అక్కడ దాన్ని పెట్టండి. నేను అలా పాకుతుంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ఏమండీ, తాళంచెవి పోయిందా?" అంది. బేస్ వెతుకుతున్నానన్నాను. కాఫీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

బేస్ సర్దుకున్నాక ఇంకో రకం దొంగలు బయటపడతారు. షోకేసు అద్దం, కిటికీ బందు, ఇనప బీరువా తలుపు, గోడకు వేలాడే పటం. నాదస్వరంలో ఒక స్వరానికి మా వంటింట్లో స్టీలు బేసిన్ ఒకటి వంత పాడేది. రికార్డు చెడిపోయిందనుకుని చాలా రోజులు బాధపడ్డాను. పాట నడుస్తుండగా ఒక్కో వస్తువు మీద చెయ్యి ఆనించుకుంటూ వెళ్ళండి, చెయ్యి పెట్టగానే మోత ఆగితే దొంగ దొరికినట్టే. సీలింగు ఫ్యాను కూడా దొంగే. కానీ మే నెలలో బెజవాడలో ఉన్నవాడికి ఫ్యాను ఆపమని నేను చెప్పను.

ఇక అదురు సంగతి. అంటే సామాను కింద ఏమి పెట్టాలన్నది. దీని మీద జరిగినంత వ్యాపారం ఇంకే భాగం మీదా జరగదు. నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. సీడీ ప్లేయరు కింద, ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ కింద ఖరీదైన బిళ్ళలు పెట్టడం వల్ల నాకు ఎప్పుడూ ఏ తేడా వినిపించలేదు. వాటికి కావలసింది గాలి. పైన అరడుగు, పక్కల నాలుగేసి అంగుళాలు ఖాళీ వదిలితే మన ఎండాకాలంలోనూ ఎక్కువ కాలం బతుకుతాయి. వాల్వు సెట్టు వేరు. వాల్వులో సన్నటి లోహపు తీగలు వేలాడుతుంటాయి, వేలితో తడితే స్పీకర్లో 'టింగ్' మంటుంది. దానికి కాస్త మెత్త కావాలి.

నిజంగా కాపాడుకోవలసింది రికార్డు ప్లేయరును. అది శబ్దం చేసే యంత్రమే గానీ అదురును కొలిచే యంత్రం కూడా అదే. రికార్డు గాడిలో మెల్లటి సంగీతం చెక్కిన అలలు ఒక మైక్రాను కంటే చిన్నవి. తల వెంట్రుక మందం అరవై, డెబ్భై మైక్రాన్లు ఉంటుంది. ఆ సూది నుంచి వచ్చే విద్యుత్తు అయిదు మిల్లీవోల్టులు. సీడీ ప్లేయరు రెండు వోల్టులిస్తుంది, అంటే నాలుగు వందల రెట్లు ఎక్కువ. ఆ చిన్నదాన్ని అంతగా పెంచేటప్పుడు, దానితో కలిసిన అదురు కూడా అంతే పెరుగుతుంది. స్పీకర్ల పక్కనే అదే బల్ల మీద ప్లేయరు పెడితే, స్పీకరు అదురు సూదికి చేరి, సూది నుంచి మళ్ళీ స్పీకరుకు చేరి, చివరికి ఊళ మొదలవుతుంది.

1961లో అమెరికాలో ఎడ్గర్ విల్‌చూర్ అనే ఆయన దీనికి చక్కటి దారి చూపాడు. పళ్ళెం, సూది చెయ్యి రెండూ ఒకే చట్రం మీద బిగించి, ఆ చట్రాన్ని మెత్తటి స్ప్రింగుల మీద వేలాడదీశాడు. పెట్టె మీద కొట్టినా సూది గాడి తప్పేది కాదు. సూత్రం సులువు. స్ప్రింగు మెత్తగా ఉండి, మోసే బరువు ఎక్కువై, నిదానంగా ఊగితేనే అది కింది అదురును పైకి రానివ్వదు. బరువుకు ఒక మిల్లీమీటరే అణిగే రబ్బరు 16 హెర్ట్జ్ దగ్గర ఊగుతుంది. ఒక సెంటీమీటరు అణిగితే 5, రెండున్నర సెంటీమీటర్లయితే 3. సూది చెయ్యి తనకు తానుగా ఊగేది 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య. కాబట్టి అసలు అణగని గట్టి బిళ్ళ ఎంత అందంగా ఉన్నా, అక్కడ దానితో పని కాదు.

మా ఇంట్లో ఉన్నది చెబుతాను. పాత వంటింటి అరలోంచి తీసిన కడప బండ ఒకటి, రెండడుగులు బై అడుగున్నర. బరువు పదిహేను కిలోలకు పైనే. దాని కింద పిల్లల సైకిలు ట్యూబు, సగం గాలితో. బండ మీద చెయ్యి పెట్టి నొక్కి వదిలితే, ఎన్నిసార్లు ఊగిందో మీరు లెక్కపెట్టగలగాలి. సెకనుకు మూడు నాలుగు ఊపులయితే బాగున్నట్టు. లెక్కకు అందకుండా చకచకా అదిరితే గాలి ఎక్కువైంది, కొంచెం తీసేయండి. దాని మీద ప్లేయరు పెట్టి, తాపీమేస్త్రి రసమట్టంతో నాలుగు వైపులా చూడండి. బుడగ మధ్యలోకి రాకపోతే బండను ఒక వేలెడు జరపండి. నెలకోసారి గాలి కొట్టాలి. మా వీధిలో పంక్చర్లు వేసే కుర్రాడికి ఈ ట్యూబు ఏ బండిదో ఇప్పటికీ అర్థం కాలేదు. ఇంత శ్రమ వద్దనుకుంటే గోడకు బలమైన బ్రాకెట్లు వేసి దాని మీద పెట్టండి. మన ఇటుక గోడ ఆ పని బాగా చేస్తుంది, స్పీకర్ల వెనక గోడ మాత్రం కాకూడదు.

సన్నటి తీగల విషయం రెండు మాటల్లో. సూది నుంచి వచ్చే తీగను కరెంటు తీగల పక్కన, యాంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మరు పక్కన పోనివ్వకండి, గుయ్యిమనే మోత అక్కడి నుంచే వస్తుంది. కరెంటు పోయి పాతకాలం ఇన్వర్టరు మీద నడిచేటప్పుడు వచ్చే 'జ్‌జ్' మోతకు మాత్రం చోటు మార్చి లాభం లేదు. ఆ కాసేపూ పాట ఆపి, మామిడికాయ కోసుకోవచ్చు.

ఫ్లాటులో ఉన్నవాళ్ళకు ఇంకొక బాధ్యత ఉంది. స్లాబు ఊగదన్నాను గానీ మోస్తుంది. ఒక రాత్రి మా కింది ఫ్లాటు పెద్దాయన పైకి వచ్చి మర్యాదగానే చెప్పారు. "పాట బాగానే ఉండి ఉంటుంది సార్. నాకు దరువు ఒక్కటే వినిపిస్తోంది. ఏ పాటో తెలిస్తే కాస్త ఓర్చుకోవచ్చు." సబ్‌వూఫరు కింద కూడా ఒక బండ, దాని కింద మెత్తటి రబ్బరు నురుగు వేశాను. నేల గుండా పోయేది కొంత తగ్గింది. గాలిలో పోయే బేస్‌కు మాత్రం మందు ఒక్కటే, తొమ్మిది దాటాక గుండీ ఎడమకు తిప్పడం.

సంక్రాంతికి మా ఇంట్లో బొమ్మల కొలువు పెడతారు. మెట్లు కట్టడానికి హాల్లో ఉన్న ఒకే ఒక్క చోటు స్పీకర్లదే. ఏటా భోగికి ముందు రోజు అవి పడగ్గదిలోకి పోతాయి. అందుకని టైల్స్ మీద నాలుగు మూలలకూ నల్ల టేపు ముక్కలు అంటించాను, తిరిగి అక్కడే నిలబెట్టడానికి. ఈ ఏడాది బొమ్మలు ఎత్తేశాక చూస్తే టేపు లేదు, కడిగేశారు. పురికొస పట్టుకుని మళ్ళీ మొదటి నుంచీ కొలిచి పెట్టాను. ఘంటసాల గారిని పాడించాను. కుదిరిందనుకున్నాను. వంటింటి గుమ్మంలో నిలబడి చేతులు తుడుచుకుంటూ మా ఆవిడ అంది, "ఆ కుడి పక్కది ఇంకో అంగుళం ఇవతలికి లాగండి. ఆయన కేలండరు దగ్గర లేరు, తలుపు దగ్గరికి వెళ్ళిపోయారు."

లాగాను.